గోలీ వాళ్లమ్మ మాతో వచ్చిన ఏడు

తొంభైల నడిమి సంవత్సరాల్లో, నేను అరకులో డిగ్రీ చదువుతున్నప్పుడు, మా కాలేజీ మొదటిసారి ఫుట్‌బాల్ జట్టును పోటీలకు పంపింది. అంతకుముందు జట్టు లేకపోవడానికి కారణం ఆడేవాళ్లు లేక కాదు. సాయంత్రమైతే హాస్టల్ వెనక చీకటి పడి బంతి కనిపించనంతవరకు ఆడేవాళ్లం. కొండ మీది పల్లెల నుంచి వచ్చినవాళ్లం, మాకు పరుగెత్తడం ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ పోటీలకు వెళ్లాలంటే వెంట ఒక లెక్చరర్ రావాలి, విశాఖలో పడుకోవడానికి చోటు చూడాలి, ప్రిన్సిపాల్‌ని ఒప్పించాలి. ఆ పని నెత్తిన వేసుకునే మనిషి అంతవరకు మాకు దొరకలేదు.

ఆ ఏడు ఎకనామిక్స్ చెప్పడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక సార్ బదిలీ మీద వచ్చారు. నడివయసు మనిషి. భార్యాపిల్లలను ఊళ్లోనే ఉంచి, బజారులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. సాయంత్రాలు ఏం తోచక హాస్టల్ మెట్ల మీద కూర్చుని మా ఆట చూసేవారు. ఒకరోజు ఉన్నట్టుండి నన్ను పిలిచి, "ఒరే, బంతి ఆ గీత దాటితే ఏటవుద్ది?" అని అడిగారు. చెప్పాను. మర్నాడు ఇంకో ప్రశ్న. నెల తిరిగేసరికి మా జట్టుకు ఆయనే పెద్ద. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మాత్రం ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే మాకూ అంతంత మాత్రమే.

శుక్రవారం సంత జరిగే మైదానమే మా గ్రౌండు. శనివారం ఆటకు ముందు ఉల్లిపొట్టు, చెరకుపిప్పి, పగిలిన కుండపెంకులు ఏరి పారేసేవాళ్లం. ఒక పక్క పల్లంగా ఉండేది. ఎవరూ తన్నకపోయినా బంతి తనంతట తానే ఆ పల్లంవైపు గోల్‌లోకి దొర్లిపోయేది. పోటీల్లో బూట్లు లేనిదే ఆడనివ్వరని తెలిసి, కాలేజీ వాళ్లు బూట్లు తెప్పించారు. అన్నీ ఇంచుమించు ఒకే సైజు. చిన్న పాదాల వాళ్లం ముందువైపు గుడ్డపేలికలు కుక్కుకున్నాం. పెద్ద పాదాల వాళ్లు వేళ్లు ముడుచుకుని తిరిగారు. మొదటివారం మేం బూట్లతో నడుస్తుంటే, "అప్పుడే పుట్టిన మేకపిల్లల్లాగున్నారు రా" అని సార్ కడుపు పట్టుకుని నవ్వారు.

నేను వెనక కుడివైపు ఆడేవాణ్ణి. నా వెనక గోల్‌లో నిలబడేవాడు హాస్టల్‌లో నా గదివాడు. అనంతగిరి అవతల, బస్సు దిగాక కొండెక్కి చాలాసేపు నడిస్తే గానీ రాని ఊరు వాడిది. పొడుగాటి చేతులు. మాటలు తక్కువ. అందరం వాణ్ణి గోలీ అనే పిలిచేవాళ్లం. బంతి ఎటునుంచి వచ్చినా చప్పుడు కాకుండా పట్టుకునేవాడు. అలా పట్టుకోవడం ఎక్కడ నేర్చావని ఒకసారి అడిగాను.

"మా అయ్య సెట్టెక్కి సీతాఫలాలు కోసి కిందికి ఇసిరీవోడు. నాను కింద పట్టుకునీవోణ్ణి. కింద పడితే నలిగిపోతాయి, సంతలో ఎవరూ కొనరు," అన్నాడు. మళ్లీ వాడే, "నాను సూడకపోతే కేకేసి మరీ ఇసిరీవోడు. అయ్యకి అదో ఆట," అన్నాడు.

ఆగస్టు వానల్లో సాలూరు వెళ్లి అక్కడి కాలేజీ జట్టుతో ఆడాం. అదే మా మొదటి అసలైన ఆట. బురదలో మా బూట్లు ఊడిపోతుంటే, వాటిని చేత్తో పట్టుకుని పరుగెత్తామని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. గెలిచాం. తిరుగుబస్సులో సార్ తడిసిన తువ్వాలు తలకు చుట్టుకుని దారిపొడుగునా పాడారు. ఆయన గొంతు అంత బాగుంటుందని అప్పటిదాకా మాకు తెలియదు. వానలు తగ్గేలోపు ఇంకొన్ని ఆటలు ఆడాం. కొన్ని గెలిచాం, కొన్ని ఓడాం. గోలీ ఉన్నాడన్న ధైర్యంతో ముందున్నవాళ్లు వెనక్కి చూడకుండా ఆడేవారు.

వలిసెపూలు లోయంతా పసుపు పరిచిన రోజుల్లో ఒక ఉదయం, క్లాసు జరుగుతుండగా గోలీ మేనమామ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ల అయ్యకు వారంగా జ్వరం. డోలీ కట్టి రోడ్డుకు మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. వాడు పుస్తకాలు బెంచీ మీదే వదిలేసి మామ వెంట నడిచాడు. నేను పుస్తకాలు సర్ది గదిలో పెట్టి, వెనకాలే వెళ్లాను. సార్, మిగిలిన జట్టు సాయంత్రానికి వచ్చారు. అందరం తలా పిడికెడు మట్టి వేసి వచ్చాం. వాళ్లమ్మ మమ్మల్ని ఎవరినీ చూడలేదు. వాకిట్లో ఒక మూల, మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుంది. ఏడవలేదు.

గోలీ తిరిగి రాలేదు. అక్కకు పెళ్లయి వేరే ఊళ్లో ఉంటోంది. ఇంట్లో తల్లి ఒక్కతే. నీళ్లు పారే గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా ఉన్న మళ్లలో వరి పండి వంగిపోతోందనీ, చేతికి వచ్చిన పంటను వదిలి రాలేనన్నాడనీ వాడి ఊరివాళ్లు సంతలో కనిపించి చెప్పారు. విశాఖ పోటీలు దగ్గరపడుతున్నాయి. గోల్‌లో ఎవరో ఒకరు నిలబడాలి. పొడుగ్గా ఉన్నానని నన్ను నిలబెట్టారు. నాకు బంతి వస్తుంటే కళ్లు మూసుకునే అలవాటుందని ఆ రోజే అందరికీ తెలిసింది. ఆ వారమంతా మా జట్టువాళ్లు ఎంత దూరం నుంచి తన్నినా గోలే. చివరికి సార్ నా పక్కన వచ్చి నిలబడి, "కళ్లు తెరూ నాయనా, అది బంతే, బాంబు కాదు," అనేవారు.

శనివారం ఆట అయిపోయాక సార్ అందర్నీ కూర్చోబెట్టారు.

"కొడవళ్లు ఎవరికాడ ఉన్నాయి?" అని అడిగారు.

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"రేపు ఆదివారం. వాళ్ల వరి కోసి వద్దాం. ఒకటి మాత్రం గట్టిగా సెప్తన్నాను. ఆటకి రమ్మని వాణ్ణి ఒక్కడూ అడగకూడదు. బంతి మాటే ఎత్తకూడదు. వాడు రావాలని కోత కోస్తే అది సాయం కాదురా."

మొదటి బస్సుకు బయల్దేరాం. మంచు ఇంకా పల్లాల్లోంచి లేవలేదు. కాఫీతోటల మధ్య నుంచి పైకెక్కుతుంటే సార్ రెండుమూడు చోట్ల ఆగి చెట్టుకు ఆనుకున్నారు గానీ, మేం ఆగుదామంటే ఒప్పుకోలేదు. మేం చేరేసరికి తల్లీకొడుకులు పై మడిలో కోస్తున్నారు. మమ్మల్ని చూసి గోలీ నిటారుగా లేచి నిలబడ్డాడు.   తలో మడిలోకి దిగాం.

మా అందరికీ కోత తెలిసిందే. అందులో గొప్పేమీ లేదు. మేం ఎదురుచూడనిది సార్ సంగతి. ఆయన చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తువ్వాలు నడుముకు బిగించి దిగారు. మేం సగం మడిలో ఉండగానే ఆయన వరస చివరికంటా వెళ్లి, వెనక్కి తిరిగి పనలు కడుతున్నారు.

గోలీ వాళ్లమ్మ నడుం ఎత్తి చూసింది. "ఈ బాబుకి కోతొచ్చునే!" అంది.

"మా నాన్న కూలికి కోసీవోడమ్మా," అన్నారు సార్. "ఆయనెనకే నానూ. ఉద్యోగమొచ్చినాక మళ్లీ ఇదే కొడవలి పట్టడం."

ఆమె మొదటిసారి మా అందర్నీ పరకాయించి చూసింది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చోబెట్టి చోడి అంబలి పోసింది. ఆకుదొప్పలో మిరపకాయలు, ఉప్పు పెట్టింది. అందరి కంటే ముందు నా దగ్గరికి వచ్చి, "నువ్వే గదా మా వోడి గదిలో ఉంటావు? నిద్దట్లో మాటాడతాడు, నీకు నిద్దర సెడతాదేమో," అంది. వాడు సిగ్గుపడి తల దించుకున్నాడు.

పొద్దు వాలేలోపు కోత అయింది. పనలన్నీ కళ్లంలో చేర్చాం. బయల్దేరేటప్పుడు గోలీ ఊరి చివరిదాకా నాతో నడిచాడు. ఎవరూ బంతి మాట ఎత్తలేదు కదా, వాడే ఎత్తాడు.

"గోల్లో ఎవరుంటన్నారు?"

"నేనే."

నా మొహం చూశాడు. వాళ్ల అయ్య పోయిన తర్వాత వాడి మొహంలో నవ్వు చూడడం అదే మొదలు. "అయ్యబాబోయ్," అన్నాడు. అంతే, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

తర్వాత రోజుల్లో ఏ కబురూ రాలేదు. నేను గోల్‌లో నిలబడుతూనే ఉన్నాను. కళ్లు తెరవడం కొంచెం అలవాటైంది. విశాఖ వెళ్లే రోజు స్టేషన్‌లో పాసింజరు కోసం ఎదురుచూస్తున్నాం. గూడ్సు ఒకటి ఇనుపరాయి వేసుకుని వెళ్లిపోయింది. అది దాటాక అవతలి ప్లాట్‌ఫారం మీద గోలీ కనిపించాడు. బూట్లు లేసులతో ముడేసి మెడలో వేసుకున్నాడు. పక్కన వాళ్లమ్మ, చంకలో గుడ్డమూట.

ఇద్దరూ పట్టాలు దాటి వచ్చారు. కొడుకును సాగనంపడానికి వచ్చిందనుకున్నాం. ఆమె తిన్నగా సార్ ముందుకు వెళ్లి నిలబడింది.

"మాస్టరు బాబూ, నానూ వొత్తాను."

"ఎక్కడికమ్మా?"

"ఈళ్లు ఆడీ కాడికి. వాకిట్లో ఒక్కదాన్నీ కూకుని ఏటి సేత్తాను? గోడలు సూత్తంటే గుండె పట్టీసినట్టుంటంది. ఈడు ఆడీది ఏటో సూత్తాను. మీకు అడ్డం రాను బాబూ."

గోలీ నేల చూస్తున్నాడు. "వొద్దన్నాను సార్. ఇనలేదు," అన్నాడు మెల్లగా.

సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రైలొచ్చీలోగా బేగి టికెట్టు తెస్తానమ్మా," అని ఆయనే కౌంటరు దగ్గరికి పరుగుతీశారు.

ఆమె అంతకుముందు రైలెక్కలేదు. కిటికీ పక్కన కూర్చోబెట్టాం. మొదటి సొరంగం వచ్చినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత వాటికి అలవాటుపడి, వెలుతురులోకి వచ్చినప్పుడల్లా మేం అందరం ఉన్నామా లేదా అన్నట్టు ఒకసారి చుట్టూ చూసుకునేది. మూటలోంచి ఉడకబెట్టిన కర్రపెండలం తీసి తలా ఒక ముక్క పంచింది. ఎదుటి సీట్లో కూర్చున్న ఎవరో పెద్దమనిషి మమ్మల్నందర్నీ చూసి, "అందరూ నీ కొడుకులేనా అమ్మా?" అని వేళాకోళం ఆడాడు. "ఆఁ," అందామె, ఇంకో ముక్క తుంచుతూ.

విశాఖలో మాకు ఒక కాలేజీ క్లాసు గదులు ఇచ్చారు. సార్ వెళ్లి ఆ కాలేజీ వాచ్‌మన్ భార్యతో మాట్లాడి, గోలీ వాళ్లమ్మకు వాళ్లింట్లో చోటు చూశారు. మర్నాడు పొద్దున మేం ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి పరుగులు పెడుతుంటే, ఆమె గోల్ పోస్టు పక్కన, గీతకు ఆనుకుని, మూట ముందు పెట్టుకుని కూర్చుంది. రిఫరీ వచ్చి, "ఇక్కడ కూర్చోకూడదమ్మా, దూరంగా జరుగు," అన్నాడు.

"మా వోడికి దాహమేత్తే?"

ఆయన గోల్ వెనక కొంత దూరంలో చోటు చూపించాడు.

ఆ రోజు నేను నా చోటికి, కుడివైపు వెనక్కి వెళ్లిపోయాను. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆట మొదలయ్యాక అవతలి వాళ్లు గోల్ మీద గోల్‌కి ప్రయత్నిస్తున్నారు. వాడు ఎగిరి పడుతున్నాడు, దొర్లుతున్నాడు, పట్టుకుంటున్నాడు. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మా వోడి మీదికే అందరూ తంతన్నారేటి? ఆడేటి సేసినాడు?"

సార్ ఆమె పక్కన చతికిలబడి, బంతి గోల్‌లోకి వెళ్లకుండా చూడడమే వాడి పని అని వివరించారు. ఆమె సంగతి పూర్తిగా విని, "ఒక్కన్నే పెట్టినారా ఆ పనికి?" అంది. సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మారాయి. ఆమె లేచి, మూట చంకన పెట్టుకుని, మైదానం పొడుగునా నడిచి వెళ్లి అవతలి గోల్ వెనక కూర్చుంది. చుట్టుపక్కల కుర్రాళ్లు నవ్వారు. ఆ ఆట మేం గెలిచాం. ఆ తర్వాతి రోజు ఆట కూడా గెలిచాం. అప్పటికి ఆమె మూట తీసి లేవగానే, నవ్విన కుర్రాళ్లే పక్కకు జరిగి దారి ఇస్తున్నారు.

సెమీఫైనల్లో మాకు ఎదురైన జట్టు ఊళ్లో పేరున్నది. ఆటంతా మా గోల్ దగ్గరే సాగింది. గోలీ ఎన్ని ఆపాడో చెప్పలేను. ఇక ఆట ముగుస్తుందనగా ఒక కార్నర్ వచ్చింది. బంతి పైనుంచి దిగుతోంది. వాడు ఎగిరాడు, అవతలివాడూ ఎగిరాడు, ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి వాడి వేళ్ల చివర తగిలి లోపల పడింది. వాడు పోస్టు పక్కన వెల్లకిలా పడి, లేవలేదు.

రిఫరీ గోలిచ్చి విజిల్ ఊదాడు. మేం వాడి దగ్గరికి పరుగెత్తేలోపే వాళ్లమ్మ అక్కడుంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కొంగుతో వాడి మొహం మీది మట్టి తుడుస్తోంది. రిఫరీ వచ్చాడు.

"అమ్మా, లోపలికి రాకూడదు."

"నా కొడుకు పడిపోనాడు బాబూ. లేసేక ఎల్లిపోతాను."

ఆయన గడియారం చూసుకున్నాడు. తర్వాత చెయ్యి దించేసి నిలబడ్డాడు.

గోలీ కళ్లు తెరిచాడు. చుట్టూ అంతమందిని చూసి, "అమ్మా, ఎల్లు. అందరూ సూత్తన్నారు," అన్నాడు.

"సూణ్ణీ," అందామె. వాడి తల నిమిరింది, భుజాలు తడిమింది, ఏదీ విరగలేదని నమ్మకం కుదిరాక చెయ్యిచ్చి లేపింది. తర్వాత అన్న మాట ప్రకారం గీత అవతలికి వెళ్లిపోయింది. మిగిలిన కాసేపు ఆడాం. ఓడిపోయాం.

ఆ సాయంత్రం గదిలో బూట్లు కూడా విప్పకుండా తలోమూల చతికిలబడ్డాం. గోలీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. సార్ లోపలికి వచ్చి మా వాలకం చూసి, "లెగండి. అమ్మకి సముద్రం సూపించకుండా తీసుకెళ్లిపోతామా?" అన్నారు.

బీచిలో ఆమె ముందు చాలా దూరంలోనే ఆగిపోయింది. "ఇది కదులుతందేటి?" అంది. తర్వాత తనంతట తానే ముందుకు నడిచి, పాదాలకు నీళ్లు తగిలేచోట నిలబడింది. అల వెనక్కి వెళుతూ కాళ్ల కింది ఇసుక లాగేస్తుంటే కొడుకు భుజం పట్టుకుంది. వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకకు ఆనించి, ఉప్పు తగలగానే మొహం చిట్లించింది. మేం నవ్వాం. ఆమె కూడా నవ్వబోయింది.

"ఆయనకి సూపించనేదు," అంది.

అంతే, అక్కడే తడి ఇసుకలో కూర్చుండిపోయి ఏడ్చింది. వాకిట్లో ఏడవని ఏడుపు, కోతల్లో ఏడవని ఏడుపు. అల వచ్చి చీర తడిపేస్తున్నా లేవలేదు. గోలీ ఆమె పక్కన కూర్చున్నాడు. వాడూ అప్పుడే ఏడ్చాడు.  ఒక్కొక్కరం వెళ్లి వాళ్ల చుట్టూ కూర్చున్నాం. సార్ కొంచెం ఎడంగా నిలబడి నీళ్లవైపు చూస్తుండిపోయారు. చాలాసేపటికి ఆమె ముక్కు చీది, మా బట్టలు చూసి, "అయ్యో, అందరూ తడిసిపోనారు. జలుబు సేత్తాది, లెగండి," అంది.

మర్నాడు తెల్లవారి రైలుకు తిరిగి వచ్చేశాం. గోలీ మళ్లీ హాస్టల్‌కు వచ్చాడు. శనివారం ఆట అయ్యాక ఇంటికి వెళ్లి పనులు చూసుకుని వచ్చేవాడు. ఆ ఏటి పరీక్షలు రాశాడు, మరుసటి ఏడూ గోల్‌లో నిలబడ్డాడు. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఉండిపోయి కాఫీ వేశాడు. సార్‌కు కొండ కిందికి బదిలీ అయింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి చింతూరు వైపు వెళ్లాను. అడవులు దాటి అంత దూరం వెళ్లాక రావడం పోవడం తగ్గిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత, గోలీ తన కూతురికి పేరు పెడుతూ మమ్మల్ని పిలిచాడు. జట్టులో వీలైనవాళ్లం వెళ్లాం. సార్ రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులతోనే కర్ర పట్టుకుని కొండెక్కి వచ్చారు. వాళ్లమ్మ బాగా వంగిపోయింది. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. చూపు మందగించినా మమ్మల్ని గొంతులను బట్టి ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది.

భోజనాలయ్యాక ఊరివాళ్లు కొందరు చుట్టూ చేరితే, ఆమె ఆ విశాఖ ఆట సంగతి మొదలుపెట్టింది. చాలాసార్లు చెప్పిన కథ అని వింటున్నవాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది. అవతలి వాళ్లు ఎంత బలంగా ఉన్నారో, ఎన్నిసార్లు తన్నారో అన్నీ చెప్పింది. చివరి బంతి పైనుంచి దిగడం, కొడుకు ఎగరడం దాకా వచ్చింది.

"మా వోడు పట్టీసినాడు," అంది. "కింద పడ్డాడు గానీ బంతి వొదల్లేదు. నాను ఎల్లి లేపినాను. ఈ బాబులందరూ ఎగిరినారు. గెలిసీసినాం."

మేం ఒకరినొకరం చూసుకున్నాం. గోలీ చుట్ట వెలిగించే మిషతో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న కోడలు, "మరి గెలిసిన కప్పు ఏదత్తా? ఎప్పుడూ సెప్పవు," అంది.

ఆమె తడబడి, సార్ కూర్చున్న వైపు మొహం తిప్పింది.

"కాలేజీలో ఉందమ్మా," అన్నారు సార్, కర్ర మీద రెండు చేతులూ ఆనించి. "బీరువాలో పెట్టి తాళమేసినాం. వెండిది కదా, బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని."

"సూసినావా?" అంది ఆమె కోడలితో, పాపను ఒళ్లోంచి భుజం మీదికి మార్చుకుంటూ.